పాకంలో నిమ్మరసం, ఎండలో చెరుకు

దీపావళికి గులాబ్‌జామూన్ పాకం కాచేటప్పుడు మీరు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు కదా? ఎందుకని అడిగితే పాకం గడ్డకట్టకుండా అంటారు. నిజమే. నిమ్మరసంలోని ఆమ్లం పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి కలిసిన పాకం తేలిగ్గా పేరుకోదు. అదే నిమ్మరసాన్ని చల్లటి పంచదార నీళ్లలో పిండి చూడండి. గంట గడిచినా దాదాపు ఏమీ జరగదు. పని చేయించేది పొయ్యి వేడి.

కాలిఫోర్నియాలో సైన్సు పాఠం చెప్పేటప్పుడు నేను ఈ పాకంతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ఇది మన వాళ్ల చెరుకు కథ కూడా. వేడికీ రసాయన చర్య వేగానికీ ఉన్న సంబంధాన్ని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లో ఒక వ్యాసంలో వివరించాడు. ఆ వ్యాసం చెరుకు పంచదార ఆమ్లంలో విడిపోవడం గురించే! మన పెద్దలను మారిషస్‌కూ నటాల్‌కూ ఓడలెక్కిస్తున్న రోజులవి. మా ఫిజీకి దక్షిణాది వాళ్లు 1903 నుంచి వచ్చారు.

వేడెక్కితే అణువులు త్వరగా కదులుతాయి, అందుకే చర్య త్వరపడుతుంది అని పిల్లలు ఠక్కున చెబుతారు. అది సగం జవాబే. 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 35కు పెంచితే అణువుల సగటు వేగం 2 శాతం కూడా పెరగదు. పంచదార ఆమ్లంలో విడిపోయే వేగం మాత్రం సుమారు 4 రెట్లవుతుంది. (ఇక్కడి లెక్కలో 77 నుంచి 95 ఫారన్‌హీట్.) విడిపోవాలంటే అణువు ఒక గట్టు దాటాలి. దాటే శక్తి చాలా కొద్ది అణువులకే ఉంటుంది. కాస్త వేడి తగిలితే ఆ కొద్దివే ఎన్నో రెట్లవుతాయి.

నరికిన చెరుకు ఎండలో పడి ఉండకూడదని మా నాన్న అనేవారు. ఒకసారి మా లారీ మిల్లు గేటు దగ్గర రెండు రోజులు ఆగిపోయింది. నాన్న లారీ కిందే పడుకున్నారు. నీరు ఆరి తూకం తగ్గింది. లోపల ఎంజైములూ సూక్ష్మజీవులూ తీపిని విడగొడుతూనే ఉన్నాయి, ఆ ఎండలో ఇంకా త్వరగా. తాతను తరిమిన ఓవర్‌సీరు తొందర వెనుక కూడా ఈ రసాయన శాస్త్రమే ఉంది. ఉంటే ఉండనీ, కొరడాకు అది సమాధానం కాదు.

ఈ దేశంలోనూ అదే కథ. లూసియానాలో చెరుకు రసాన్ని వరుసగా పెట్టిన బానల్లో మరిగించి, బానిసలు గరిటెలతో ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి తోడేవారు. ఒళ్లు కాలేది. వేడి ఎక్కువై పంచదార నల్లబడేది. న్యూ ఆర్లియన్స్‌లో 1806లో ఒక స్వేచ్ఛా నల్లజాతి తల్లికి పుట్టిన నార్బర్ట్ రిలియూ దీనికి ఉపాయం కనిపెట్టి 1843లో పేటెంటు పొందాడు. మూసిన పాత్రల్లో గాలి తీసేస్తే రసం తక్కువ వేడికే మరుగుతుంది. ఒక పాత్ర ఆవిరే పక్క పాత్రను కాస్తుంది. కట్టెలు మిగిలాయి, పంచదార తెల్లబడింది. ఆ యంత్రాలు కొన్నది మాత్రం బానిసలను కొన్నవాళ్లే.

శాక్రమెంటో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లేటప్పుడు కార్కినెజ్ వంతెన దగ్గర క్రాకెట్‌లో 1906 నాటి పంచదార రిఫైనరీ కనిపిస్తుంది. అక్కడికి రాగానే కారు కాస్త నెమ్మది చేస్తాను. మీ ఇంట్లో మిల్లు బాయిలర్ల దగ్గర పనిచేసిన పెద్దలుంటే, వేడి గురించి వాళ్లేం చెప్పేవారో అడిగి మన పత్రికకు రాయండి.