ఒకే ఫార్ములా - ఎనిమిది అణువులు

కర్బన రసాయనశాస్త్రంలో ఒక చర్య జరిపి, వచ్చిన పదార్థానికి ఫార్ములా రాసేస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ ఏ పరమాణువు దేనికి అంటుకుని ఉందో ఫార్ములా చెబుతుంది గానీ, అది ఏ వైపుకు తిరిగి ఉందో చెప్పదు. ఎడమకాలి చెప్పు, కుడికాలి చెప్పు ఒకే తోలుతో, ఒకే కొలతతో కుట్టినవే. అయినా ఒకదాని బదులు ఇంకొకటి తొడుక్కోలేం కదా!

ఇదంతా పరీక్షల కోసం చదివే గొడవేనా? కాదు. పత్తి పండించే మాలాంటి ఇళ్ళలో తెలిసిన డెల్టామెత్రిన్ మందునే తీసుకుందాం. దీన్ని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం తయారుచేసి 1974లో ప్రకటించింది. ఈ అణువులో అసౌష్ఠవ కార్బన్లు మూడు. ఒక్కొక్కదానికి ‘ఆర్’, ‘ఎస్’ అనే రెండు అమరికలు సాధ్యం గనుక 2×2×2, వెరసి 8 రూపాలు. పురుగు మీద అన్నిటికన్నా చురుగ్గా పనిచేసేది వాటిలో ఒక్కటే. అది ఏదో తేల్చడం ఎలా?

మొదటి ప్రశ్న: సిస్సా, ట్రాన్సా? అణువులోని మూడు కార్బన్ల వలయం మీద రెండు పెద్ద గ్రూపులూ ఒకే వైపున ఉంటే సిస్, చెరోవైపున ఉంటే ట్రాన్స్. దీన్ని ఎన్.ఎం.ఆర్. తేలుస్తుంది. వలయంలో పక్కపక్కనున్న రెండు హైడ్రోజన్లు ఒకదాని గీతను ఇంకొకటి చీలుస్తాయి. ఆ చీలిక సిస్‌లో సుమారు 8-9 హెర్ట్‌జ్, ట్రాన్స్‌లో సుమారు 5 హెర్ట్‌జ్. గీతల మధ్య ఎడం కొలిస్తే చాలు.

రెండో ప్రశ్న: అద్దంలో బింబ ప్రతిబింబాల్లాంటి జంటలో మన చేతిలో ఉన్నది ఏది? మామూలు ఎన్.ఎం.ఆర్.లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పోలారీమీటరులో ఒకటి కాంతిని కుడికి తిప్పితే రెండోది ఎడమకు తిప్పుతుంది. కానీ కుడికి తిప్పినంత మాత్రాన అది ‘ఆర్’ అనుకోరాదు. ఆ రెంటికీ నియమమైన సంబంధం లేదు.

ఇక్కడ ఎక్స్-కిరణాలు ఆదుకుంటాయి. అణువులో బరువైన పరమాణువు ఉంటే, స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పంపి అసలు అమరికను నేరుగా నిర్ణయించవచ్చునని 1951లో బైవోట్ బృందం టార్టారిక్ ఆమ్ల లవణంతో రుజువు చేసింది. ఇలియట్ బృందం వలయం అమరిక ముందే తెలిసిన ఆమ్లంతో చర్య జరిపింది. అందువల్ల మూడో కార్బన్ ఒక్కటే సందేహం, రెండే రూపాలు. వాటిలో చురుకైనది ద్రావణం నుంచి స్ఫటికాలుగా విడిపడింది. అందులో బ్రోమిన్లు ఉండనే ఉన్నాయి! మూడో కార్బన్ ‘ఎస్’ అని 1975లో ఎక్స్-కిరణాలు తేల్చాయి.

దీనివల్ల రైతుకేమిటి? డెల్టామెత్రిన్ డబ్బాలో ఆ ఒక్క రూపమే ఉంటుంది. దాని తోబుట్టువు సైపర్‌మెత్రిన్‌లో మాత్రం ఎనిమిదీ కలిసే ఉంటాయి. డబ్బా మీద 25 శాతం అంటే ఆ ఎనిమిదీ కలిపిన లెక్క. పనిచేయనివాటికీ రైతు డబ్బు పెడుతున్నాడు, అవీ చేను మీదే పడుతున్నాయి. చురుకైన దాన్ని, దాని ప్రతిబింబాన్ని మాత్రమే ఉంచి ఆల్ఫా సైపర్‌మెత్రిన్ చేస్తున్నారంటే, ఏది ఏ రూపమో ఎవరో ఓపిగ్గా తేల్చబట్టే. మిత్రులారా, ఈసారి మందు డబ్బా చేతికొస్తే శాతం ఒక్కటే కాదు, పేరు ముందున్న ‘ఆల్ఫా’ కూడా చూడండి.