వానే తెలియని ఊళ్ళో మావారూ, నేనూ

పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో మావారూ నేనూ కలిసి చూసిన ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిరుపతి మూడుసార్లు, శ్రీశైలం, అహోబిలం, ఒకసారి హైదరాబాదు. మంత్రాలయం మా కోసిగికి పక్కనే కనుక అది లెక్కలోకి రాదు. అలాంటి మేము 2019 ఆగస్టులో ఆదోనిలో రైలెక్కి, బెంగళూరులో విమానమెక్కి, మధ్యలో ఇంకోటి మారి, ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి దక్షిణ అమెరికాలో పెరూ దేశపు రాజధాని లీమాలో దిగామంటే మాకే నమ్మబుద్ధి కాలేదు. అల్లుణ్ణి కంపెనీ రెండేళ్ళకని అక్కడికి పంపింది. "మేమున్నప్పుడే వచ్చి చూసిపోండి" అని అమ్మాయి ఒకటే పోరు.

మావారు ఒప్పుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. 2018లో మా వైపు కరువు. ఐదెకరాల బుడ్డల పంట (వేరుసెనగను మేం బుడ్డలంటాం) పెట్టుబడి కూడా తిరిగివ్వలేదు. మూడు బోర్లలో రెండు ఎండిపోయాయి. 2019లో జూన్, జులై కూడా మబ్బులు చూడ్డంతోనే సరిపోయింది. పొలం అమ్మేసి తమ దగ్గరే ఉండమని అమ్మాయి మాట. కొనడానికి ఆదోని ఆసామి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. "నేను పోయొచ్చి బయానా తీసుకుంటా" అని ఆయనతో చెప్పి మావారు విమానమెక్కారు. దారి పొడవునా పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ.

లీమాలో నన్ను మొదట ఆశ్చర్యపరిచినవి మేడలు కావు, కప్పులు. కోటి మంది ఉండే ఊరు, పక్కనే పసిఫిక్ మహాసముద్రం, అయినా వాననీళ్ళు జారే గొట్టం ఒక్క ఇంటికీ కనిపించలేదు. గొడుగు పట్టిన మనిషీ కనిపించలేదు. అమ్మాయిని అడిగితే నవ్వింది. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన పది మిల్లీమీటర్లకు అటూ ఇటూనట! కరువు సీమ అని పేరుపడ్డ మా కర్నూలు జిల్లాకే ఆరువందల పైచిలుకు పడుతుంది కదా. ఎడారిలో కట్టిన మహానగరాల్లో కైరో తర్వాత ఇదే పెద్దదంటారు. ఒడ్డు వెంట పారే చల్లని హంబోల్ట్ ప్రవాహం వల్ల గాలి చల్లబడి, మబ్బు పైకి లేవలేక, ఊరి మీద దుప్పటిలా కప్పుకుని కూర్చుంటుంది. మేం వెళ్ళిన ఆగస్టు వాళ్ళకు చలికాలం. సూర్యుడు కనిపించడమే గగనం. ఆ ఆకాశాన్ని వాళ్ళు "గాడిద కడుపు" అంటారట. పేరు భలే కుదిరింది.

వాన లేకపోయినా తేమ మాత్రం చెప్పలేనంత. ఉతికిన నూలు చీర మూడు రోజులకు గానీ ఆరలేదు. నేను మోసుకుపోయిన అప్పడాలు, సగ్గుబియ్యం వడియాలు రెండో రోజుకే మెత్తబడ్డాయి. బియ్యపు గింజలు వేస్తే గానీ ఉప్పుడబ్బాలో ఉప్పు రాలలేదు. అక్కడికి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే మూత గట్టిగా బిగిసే డబ్బాలు వెంట తీసుకెళ్ళండి.

మొదటి రెండు రోజులు అమ్మాయి వాళ్ళ బస మీరాఫ్లోరెస్ చుట్టూనే తిరిగాం. సముద్రం ఒడ్డున కొండచరియ అంచున "ప్రేమ పార్కు" అని ఒకటుంది. 1993లో ప్రేమికుల రోజునే తెరిచారట. మధ్యలో ముద్దుపెట్టుకుంటున్న జంట విగ్రహం, ఇంటంత పెద్దది. మావారు దానికి వీపు పెట్టి నిలబడి సముద్రాన్నే చూడసాగారు. అల్లుడు ఫోటో తీస్తానని ఇద్దర్నీ దగ్గరగా నిలబడమంటే "ఇట్లనే తీ నాయినా, బాగానే ఉండాది" అని మూడడుగుల దూరం వదిలారు. ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది, ఆ మూడడుగులతో సహా.

పాత ఊళ్ళో పెద్ద చౌకు, చర్చి, కాపలాదారులు మారే వేడుక అన్నీ చూశాం. ఈ ఊరిని 1535లో కట్టించిన స్పెయిన్ సేనాని పిజారో సమాధి ఆ పెద్ద చర్చిలోనే ఉంది. సాన్ ఫ్రాన్సిస్కో మఠం కింద నేలమాళిగల్లో పాతికవేల మంది ఎముకలున్నాయంటారు. బావిలాంటి గుంతలో పుర్రెలను, తొడ ఎముకలను ముగ్గు వేసినట్టు పేర్చారు. నేను త్వరగా బయటికొచ్చేశాను.

మావారి నోరు మొదట పెగిలింది వాకా పుక్యానా దగ్గర. మేడల నడుమ మట్టి ఇటుకలతో కట్టిన గోపురం, దాదాపు పదిహేను వందల ఏళ్ళ నాటిది. ఇటుకలను పడుకోబెట్టకుండా అలమరలో పుస్తకాల్లా నిలువుగా, సందులు వదిలి పేర్చారు. భూకంపమొస్తే గోడ అటూ ఇటూ కదిలి సర్దుకుంటుంది గానీ కూలదట. మావారు చాలాసేపు దాని ముందే నిలబడ్డారు. "మన మట్టి మిద్దె రెండు వానలకు కారె. ఇదేమో ఇన్నేండ్లు నిలబడె. వాన లేకపోతే ఇంత లాభముందా!" అన్నారు. నవ్వాలో వద్దో తెలియలేదు నాకు.

నాలుగో రోజు లార్కో మ్యూజియం. 1926లో రఫాయెల్ లార్కో అనే ఆయన మొదలుపెట్టాడు. కాగితప్పూల తీగలు అల్లుకున్న పాత భవంతి. మిగతా మ్యూజియంలలో కొన్ని వస్తువులు బయట పెట్టి మిగతావి గదుల్లో దాస్తారు కదా, ఇక్కడ ఆ సామాను గదులు కూడా తెరిచే ఉంటాయి. దాదాపు నలభై అయిదు వేల వస్తువులు. గాజు అలమరల్లో కుండలను జాతుల వారీగా సర్దారు. మొక్కజొన్న కుండలు ఒకచోట, గుమ్మడికాయ కుండలు ఒకచోట, పిల్లులు, గుడ్లగూబలు, మనుషుల ముఖాలు. మా వంటింట్లో ఇలాంటి అలమర ఒకటుంటే ఎంత బాగుండు అనుకుంటూ నడుస్తున్నాను. వెనక్కి తిరిగితే మావారు లేరు.

వెదికితే ఒక గాజుపలక ముందు వంగి నిలబడి ఉన్నారు. లోపల మట్టితో చేసిన బుడ్డలు. తొక్క మీది గీతలు, నడుము దగ్గరి నొక్కుతో సహా అచ్చం మా కళ్ళంలో ఆరబోసిన కాయలే. మోచే అనే జనం దాదాపు పదిహేడు వందల ఏళ్ళ కిందట చేసినవి. "ఇది మనదనుకుంటి గదమే" అన్నారు మెల్లగా. నేనూ అలాగే అనుకున్నాను. బళ్ళో పిల్లలకు రాయలసీమ పంట వేరుసెనగ అని పాతికేళ్ళు చెప్పినదాన్ని, దాని పుట్టిల్లు ఈ ఖండమని ఎన్నడూ చెప్పలేదు. బొలీవియా, అర్జెంటీనాల సరిహద్దు ప్రాంతంలో రెండు అడవిజాతులు కలిసి ఈ మొక్క పుట్టిందట. పెరూ ఉత్తరాన ఒక లోయలో ఏడు వేల ఏళ్ళకు పైబడిన గుల్లలు దొరికాయి. అదే ఉత్తరాన సిపాన్ అనే చోట 1987లో ఒక రాజు సమాధి బయటపడితే ఆయన మెడలో హారం ఉంది. ముత్యాల హారం కాదు, బుడ్డల హారం. కుడివైపు బంగారు కాయలు, ఎడమవైపు వెండి కాయలు. ఈ సంగతి అల్లుడు చెప్పగానే మావారు గట్టిగా నవ్వారు. ఏడాదయింది ఆయన అలా నవ్వి. "రాజు మెడలో ఏస్కున్నాడు, మనం మెడకు ఉరిలాగ ఏస్కుంటిమి" అన్నారు నవ్వుతూనే. అమ్మాయి ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ రాత్రి తొమ్మిదింటికి మా మరిది ఫోన్. కోసిగిలో అప్పుడు పొద్దున ఏడున్నర. ముందురోజు రాత్రంతా వాన పడిందట. చేలల్లో నీళ్ళు నిలిచాయట, తుంగభద్రకు కూడా నీళ్ళొచ్చాయట. మావారు ఫోను పట్టుకుని బాల్కనీలోకి పోయారు. "బుడ్డలకు పొద్దు దాటిపాయెనే. కొర్రేస్తే కాదా? పదునెంత దిగింది, జానెడన్నా దిగిందా?" అవతలివాడు ఏమన్నాడో తెలియదు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు అక్కడే నిలబడి చేయి బయటికి చాపారు. చేతికి మంచు తడి తప్ప ఏమీ లేదు.

మర్నాడు సుర్కియో మార్కెట్టుకు వెళ్ళాం. ఊదారంగు దుంపలు, నల్ల దుంపలు, వేళ్ళలాంటి దుంపలు, ఆలుగడ్డల్లో ఎన్ని రకాలో! మిరపకాయలు కూడా. పసుపు, నారింజ కలిసిన రంగులో జానెడు పొడవున్న "ఆహీ", యాపిల్ పండులా కనబడి నోరు కాల్చే "రొకోతో". రొకోతో గింజలు నల్లగా ఉంటాయి. మన గుంటూరు మిరప మూలం మెక్సికో వైపు, వీటిది ఆండీస్ కొండల వైపు. పోర్చుగీసువాళ్ళు తెచ్చేదాకా మన వంటల్లో మిరపే లేదంటే నాకెప్పుడూ వింతే. వేయించిన బుడ్డలమ్మే ఆమెను అల్లుడు పేరడిగాడు. "మనీ" అంది. వాళ్ళ భాషలో వేరుసెనగ పేరే అది. మావారు "మనీనా? మనకెప్పుడిచ్చినాయప్పా మనీ!" అంటూనే రెండు పొట్లాలు కొన్నారు.

ఆదివారం నాడు అమ్మాయి ఇంట్లో పనికొచ్చే ఆమె మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఏ పర్యాటకుల పుస్తకంలోనూ లేని లీమా ఇది. బస్సు దిగాక కొండ కిందినుంచి మూడు చక్రాల బండి ఎక్కాం. చూస్తే మన బజాజ్ ఆటో! దక్షిణాన వీయా మరీయా అనే పేటలో, గడ్డిపోచ లేని బూడిదరంగు కొండ నిండా ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. మాకు చెప్పనక్కర్లేదు, చూడగానే తెలిసింది. పై ఇళ్ళకు కుళాయిలు లేవు, ట్యాంకరొస్తుంది. కుళాయి ఉన్న మీరాఫ్లోరెస్ వాళ్ళు కట్టే దానికి ఎన్నో రెట్లు వీళ్ళు ట్యాంకరుకు కడతారు. కొండ కొసన పెద్ద పెద్ద వలలు కట్టి ఉన్నాయి. చేపలకు కాదు, మంచుకు! మంచు వల దారాలకు తగిలి బొట్టుబొట్టుగా కింది గొట్టంలోకి కారుతుంది. బాగా పట్టిన రోజున ఒక్కో వలకు రెండు మూడు వందల లీటర్లు వస్తాయంటారు. తోటలకూ బట్టలకూ వాడతారు. మావారు ఆ గొట్టం కింద దోసిలి పట్టి చూశారు.

ఆమె చిన్నప్పుడు కొండల్లోని ఆయకూచో నుంచి వచ్చింది. 1980లలో అక్కడ తీవ్రవాదుల, సైన్యం పోరులో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయి ఇలా లీమా చేరాయి. మా కోసిగి నుంచి ఏటా గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోయేవాళ్ళు పండక్కైనా తిరిగొస్తారు. బళ్ళో సగం బెంచీలు ఖాళీ అయినా, ఉగాదికి మళ్ళీ నిండేవి. వీళ్ళలో చాలామంది తిరిగిపోలేదు. మావారు అమ్మాయి చేత అడిగించారు: "ఆడ పొలముండాదా, అమ్మినారా?" ఉందట. అక్క దున్నుకుంటూ ఏటా రెండు బస్తాల దుంపలు బస్సుకేసి పంపుతుందట. మేం తిన్నది ఆ దుంపలే.

వాటి మీద ఆమె పోసిన పచ్చడి పేరు "ఓకోపా". పెద్ద రాతిపలక మీద అర్ధచంద్రంలాంటి బండను అటూ ఇటూ ఊపుతూ నూరింది. మన సన్నికల్లుకు చెల్లెలు అనుకోండి. మన సరుకులతో ఇలా చేసుకోవచ్చు: అరకప్పు బుడ్డలు వేయించి పొట్టు తీయండి. రెండు చెంచాల నూనెలో ఒక ఉల్లిగడ్డ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గింజ తీసి నానబెట్టిన నాలుగు ఎండుమిరపకాయలు మగ్గనివ్వండి. వాళ్ళు ఒక నల్ల ఆకు వేస్తారు, బంతిజాతిది. మనం పుదీనా, కొత్తిమీర చెరో గుప్పెడు వేసుకుంటే సరి. చల్లారాక బుడ్డలు, వంద గ్రాముల పనీరు, రెండు ఉప్పు బిస్కెట్లు, ముప్పావు కప్పు కాచి చల్లార్చిన పాలు, ఉప్పు కలిపి మెత్తగా రుబ్బండి. ఉడికించి చక్రాలుగా కోసిన ఆలుగడ్డల మీద పోయాలి. మావారు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది ఊరుబిండే గదమే, పాలు పోసినారంతే" అన్నారు. జొన్నరొట్టెకైతే పాలు తగ్గించండి.

తిరుగు ప్రయాణానికి ముందురోజు బరాంకోలో "నిట్టూర్పుల వంతెన" చూశాం. 1876 నాటి చెక్క వంతెన. మొదటిసారి దాటేవాళ్ళు ఊపిరి బిగబట్టి, మనసులో కోరిక కోరుకుని దాటితే నెరవేరుతుందని నమ్మకం. ఇద్దరం ముక్కులు మూసుకుని బయల్దేరాం. ముప్పాతిక దూరం పోయాక నన్ను చూసి ఆయనకు నవ్వొచ్చి ఊపిరి వదిలేశారు. నేను చివరిదాకా బిగబట్టాను. ఏం కోరుకున్నావని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ రాత్రి మరిదికి ఆయనే ఫోన్ చేశారు. "కొర్ర ఇత్తనం తీస్కోని గొర్రు తోలించు. ఆదోని ఆయప్ప వస్తే నేనొచ్చినంక మాట్లాడ్తానని చెప్పు." అమ్మాయి వింటూనే గిన్నెలు కాస్త గట్టిగా సర్దింది. దాని కోపంలోనూ న్యాయం లేకపోలేదు, మూడో బోరు సంగతి దానికీ తెలుసు.

కోసిగికి వచ్చేసరికి కొర్ర మొలిచి ఉంది. ఆదోని ఆయన రెండుసార్లు వచ్చి పోయాడు. మావారు కాఫీ ఇప్పించి పంపారు, అంతే. పొలం ఇంకా మా పేరు మీదే ఉంది. బ్యాంకు అప్పూ ఉంది. బుడ్డలు మూడెకరాలకు తగ్గించి మిగతాది కొర్ర, కంది వేస్తున్నాం. పంట వొలిచేటప్పుడు మావారు అప్పుడప్పుడూ ఒక కాయను వెలుతురుకెత్తి తిప్పి చూసి, మళ్ళీ కుప్పలో వేస్తారు.