నాన్న బొమ్మ

చైనా దేశంలో చోంగ్‌చింగ్ అనే మహానగరం ఉన్నది. 1948లో అక్కడ పుట్టిన లువో జోంగ్‌లీ గొప్ప చిత్రకారుడు. కుర్రతనంలో అతను దాబా కొండలలోని పల్లెకు వెళ్లి, ఒక రైతు ఇంట బస చేశాడు. ఆ తరవాత చాలా ఏళ్లు ఆ కొండసీమలోనే పనిచేశాడు.

1975లో చైనా వారి సంవత్సరాదికి ముందు రాత్రి. ఎముకలు కొరికే చలి. ఇళ్లలో అందరూ పండుగ చేసుకుంటున్నారు. ఒక రైతు మాత్రం వీధి మరుగుదొడ్డి వద్ద కాపలా ఉన్నాడు. పొలానికి ఆ ఎరువే బంగారం. దాన్ని ఎవరూ ఎత్తుకుపోకూడదు! ఆ మనిషిని లువో మరిచిపోలేకపోయాడు.

1980లో, చిత్రకళాశాల విద్యార్థిగా ఉండగా, అతను తైలవర్ణాలతో ఒక ముసలి రైతు ముఖం చిత్రించాడు. దాబా కొండలలో తనకు ఆశ్రయమిచ్చిన రైతు పోలికలే దానికి ఆధారం. బొమ్మ ఎత్తు సుమారు 7 అడుగులు! ఎండకు కమిలిన చర్మం, నాగటి చాళ్లలాంటి ముడతలు, చెమట బొట్లు, చేతిలో గిన్నె—అన్నీ కళ్లకు కట్టినట్టుంటాయి.

ఆ రోజులలో అంత పెద్ద ముఖచిత్రాలు దేశనాయకులకే వేసేవారు. ఇతను కొత్త కాలపు రైతని తెలియాలని కొందరు సూచించగా, లువో అతని చెవిపై ఒక కలం కూడా చిత్రించాడు.

యువచిత్రకారుల జాతీయ ప్రదర్శనలో ఈ బొమ్మకు ప్రథమ బహుమతి వచ్చింది. ఇప్పుడది బీజింగ్‌లోని జాతీయ చిత్రశాలలో ఉన్నది.

ఆ రైతు లువోకు కన్నతండ్రి కాడు. అయినా బొమ్మకు పెట్టిన పేరు "నాన్న". అన్నం పెట్టేవాణ్ణి మరేమని పిలవాలి?