నాలుగు పబ్బులు, ఒక కాలేయం

పబ్ క్రాల్ అనే మాట మీలో చాలామంది విని ఉండరు. విన్నవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ ముందు అని ఉండరు. ఒకే రాత్రి ఒక పబ్బు నుంచి ఇంకో పబ్బుకు తిరుగుతూ, ప్రతిచోటా కొంత తాగుతూ పోవడాన్ని అలా అంటారు. ఇంగ్లీషులో క్రాల్ అంటే పాకడం. మొదటి పబ్బులోకి నడిచి వెళ్ళిన మనిషి చివరి పబ్బులోంచి ఎలా బయటికి వస్తాడో, పేరు పెట్టినవాడికి ముందే తెలుసుననుకుంటాను.

ఇప్పుడు దీనికి గైడులు కూడా ఉన్నారు. గుళ్ళూ గోపురాలూ చూపించే గైడు లాగానే ఇతనూ ముందు నడుస్తాడు. తలకింత అని ముందుగానే డబ్బు కట్టించుకుంటారు. సాయంత్రం ఒకచోట పదిహేను ఇరవైమంది కలుస్తారు. అందులో ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్ళు సగం మంది. చాలాచోట్ల పబ్బులోకి అడుగుపెట్టగానే ఒక చిన్న గ్లాసు ఘాటు మద్యం ఉచితంగా చేతికిస్తారు. ఆ తర్వాత ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కుంటారు. ఓ ముప్పావుగంట గడిచాక గైడు చప్పట్లు కొట్టి "పదండి, పదండి" అంటాడు. లండన్, ప్రాగ్ వంటి నగరాల్లో యాత్రికుల కోసం పుట్టిన పద్ధతి ఇది. మన దేశంలో దీనికి అనువైన ఊరు బెంగుళూరు. 1980ల చివరి నుంచే అక్కడ పబ్బులు పెరిగాయి. బ్రిగేడ్ రోడ్డు పక్కసందులోని పెకోస్ 1989 నాటిది. చర్చి స్ట్రీటులోనూ ఇందిరానగరులోనూ ఒకదానినుంచి ఒకదానికి నడిచిపోవచ్చు.

అమృతలూరులో వరిచేల మధ్య కూర్చున్న డాక్టరుకు బెంగుళూరు పబ్బుల సంగతి దేనికని మీరడగవచ్చు. మా మండలంలో ఏ వీధిలో అడిగినా ఒక పిల్లవాడో ఆడపిల్లో బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, లండన్‌లోనో ఉన్నారు. తెనాలిలో సాయంత్రం బస్సెక్కినవాళ్ళు తెల్లవారేసరికి బెంగుళూరులో దిగుతున్నారు. వాళ్ళ జబ్బులు పండుగ సెలవులకు తిరిగి నా దగ్గరికే వస్తాయి.

ఈ మధ్య అలాగే ఒక కుర్రవాడు వచ్చాడు. ఇరవైమూడేళ్ళుంటాయి. ఓ.పి.లో జనం పలచబడేదాకా బెంచీమీద కూర్చుని, అప్పుడు లోపలికి వచ్చాడు.

"డాక్టరు గారూ, వచ్చే శనివారం మా ఆఫీసువాళ్ళమంతా పబ్ క్రాల్‌కు పోతున్నామండీ. నాలుగు పబ్బులు. నాకేమో రెండు గ్లాసులకే వాంతవుతుంది. అందరి ముందూ నామోషీ. ముందుగా వేసుకునే మాత్ర ఏదైనా రాసివ్వరూ?"

"బస్సు ప్రయాణానికి మీ అమ్మ వేసుకునే మాత్ర వేసుకుందామనుకున్నావా ఏం?"

"అదే అనుకున్నానండీ. అమ్మతో మాత్రం చెప్పకండి."

అమ్మతో చెప్పనన్నాను. మాత్ర మాత్రం రాయనన్నాను. ఎందుకు రాయనో చెప్పడానికి అరగంట పట్టింది. అతనితో చెప్పినవీ, సమయం చాలక చెప్పనివీ ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ మాత్ర సంగతి. బస్సులో వాంతులకు వాడే అవోమిన్ వంటి మాత్రల్లో ప్రొమెథజీన్ అనే మందు ఉంటుంది. అది మత్తు మందే. బస్సులో నిద్ర పట్టేది అందుకే. మద్యం కూడా మెదడును మందగింపజేసేదే. ఈ రెండూ కలిస్తే ఊపిరి తీయించే కేంద్రం కూడా మందగిస్తుంది. ఇక వాంతి అంటారా, అది నామోషీ కాదు. కడుపులో పడినదాన్ని ఇక భరించలేనని శరీరం చెప్పే మాట. మాత్రతో దాని నోరు నొక్కేస్తే లోపల పడింది లోపలే ఉండి రక్తంలోకి ఎక్కుతుంది. రెండు గ్లాసులకే ఆగిపోయే అదృష్టవంతుణ్ణి నాలుగు పబ్బులు తిప్పే మందు నేను రాయను.

మద్యం కడుపులో కొంతే పీల్చుకోబడుతుంది. ఎక్కువభాగం చిన్నప్రేగుల్లోకి దిగాక రక్తంలో కలుస్తుంది. కడుపునిండా అన్నం ఉంటే ఈ దిగడం ఆలస్యమవుతుంది. ఖాళీకడుపైతే చరచరా జరిగిపోతుంది. తాగిన అరగంట నుంచి గంటన్నర లోపల రక్తంలో మద్యం పతాకస్థాయికి చేరుతుంది. దాన్ని విరిచి బయటికి పంపే పని ముఖ్యంగా కాలేయానిది. ఈ కాలేయం మన సర్కారు ఆఫీసు గుమాస్తా లాంటిది. ముందు పది ఫైళ్ళున్నా నూరు ఫైళ్ళున్నా గంటకు చూసేది అంతే. 60 కిలోల మనిషిలో గంటకు సుమారు 6 నుంచి 8 గ్రాముల ఆల్కహాలు విరుగుతుంది. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ళ స్నానం, వీటిలో ఏదీ ఆ వేగాన్ని పెంచదు. కాఫీ తాగితే మత్తు దిగదు, తాగినవాడు మేలుకుని ఉంటాడు, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. మన దేశపు విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు. 30 మి.లీ. చిన్నపెగ్గులో అది సుమారు 10 గ్రాములు. 330 మి.లీ. మామూలు బీరు, 5 శాతంది, 13 గ్రాములు. బీరంటే పళ్ళరసమనుకునేవాళ్ళకు ఒక మాట: 650 మి.లీ. స్ట్రాంగు బీరు 8 శాతంది అయితే అందులో ఉన్నది 41 గ్రాములు, అంటే నాలుగు చిన్నపెగ్గులు.

ఒక్కొక్క పబ్బులో ఒక ఉచితపు పెగ్గు, ఒక చిన్న బీరు అనుకుందాం. నాలుగు పబ్బులకు 92 గ్రాములు. మూడున్నర గంటల్లో కాలేయం విరిచింది ఎంత ఉదారంగా చూసినా 28 గ్రాములు. మిగిలిందంతా ఒంట్లోనే. 60 కిలోల మగవాడి రక్తంలో 100 మి.లీ.కు 150 మిల్లీగ్రాములు దాటుతుంది. బండి నడిపేవాడికి మన చట్టం ఒప్పుకునేది 30. అలవాటు లేనివాళ్ళకు 300 దగ్గర స్పృహ తప్పవచ్చు, 400 దగ్గర ఊపిరి ఆగవచ్చు. ఇక్కడ మన కుర్రవాడు ఎక్కువేమీ తాగలేదని గమనించండి. చోటుకు రెండే గ్లాసులు.

ఆడపిల్లల విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. వాళ్ళ శరీరంలో నీటిపాలు తక్కువ గనుక అదే పెగ్గు రక్తంలో ఎక్కువ చిక్కగా ఉంటుంది. 50 కిలోల అమ్మాయికి ఒక్క చిన్నపెగ్గుతోనే 30 దాటవచ్చు. మగస్నేహితులతో గ్లాసుకు గ్లాసు పోటీపడే అమ్మాయి నిజానికి ఒకటిన్నర రెట్లు తాగుతోంది.

అన్నిటికంటే గైడు పెట్టే ప్రయాణం నాకు నచ్చనిది ఎందుకంటే, అక్కడ గడియారం గైడు చేతిలో ఉంటుంది. అతను చెడ్డవాడని కాదు. తొమ్మిదింబావుకు తర్వాతి పబ్బులో బల్లలు సిద్ధంగా ఉంటాయి. అంచేత బయలుదేరమంటాడు. చేతిలో అరగ్లాసు మిగిలి ఉంటుంది. మనవాళ్ళకు చిన్నప్పటినుంచి బంతిలో వడ్డించినది వదలకూడదని నేర్పారు. పైగా డబ్బు కట్టాం. ఆ అరగ్లాసు గటగటా మింగి లేస్తారు. పూర్వం తాటితోపుల్లో కల్లు తాగిన పెద్దవాళ్ళు మంచిపని చేశారని నేననను గానీ, వాళ్ళు ఒకచోట కూర్చుని తాగేవాళ్ళు, ఎక్కువైందని పక్కనున్న ఊరివాడికి తెలిసేది. పబ్బుల యాత్రలో పక్కనున్నవాడు మిమ్మల్ని ఆ సాయంత్రమే మొదటిసారి చూశాడు. మీ మామూలు మాట ఎలా ఉంటుందో, తడబడిన మాట ఎలా ఉంటుందో అతనికేం తెలుస్తుంది?

ఈ బెడద ఆ నగరాలవాళ్ళకే అర్థమైంది. స్పెయిన్‌కు చెందిన బలియారిక్ దీవుల ప్రభుత్వం 2020 జనవరిలో కొన్ని విహారకేంద్రాల్లో ఇటువంటి యాత్రలను నిషేధించింది. ప్రాగ్ నగరపాలకులు 2024 అక్టోబరులో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు గైడులు నడిపే పబ్బుయాత్రలు కూడదన్నారు. వాళ్ళ బాధ వీధుల్లో గోల గురించి. నా బాధ వేరు.

నా బాధ గదికి తిరిగొచ్చాక జరిగేదాని గురించి. పబ్బులో ఉన్నంతసేపూ వెలుతురుంటుంది, మనుషులుంటారు. ఒంటిగంటకు మిత్రులు నలుగురూ కలిసి ఒకణ్ణి మోసుకొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకోబెడతారు. "పొద్దునకి అదే దిగుతుందిలే" అని దీపం ఆర్పి తలుపు వేస్తారు. వాళ్ళకు తెలియనిది ఏమిటంటే, చివరి పబ్బులో గటగటా మింగిన గ్లాసు అప్పటికింకా పూర్తిగా రక్తంలోకి చేరలేదు. మనిషి నిద్రలో ఉండగా మత్తు ఇంకా పైకి పోతూ ఉండవచ్చు. అప్పుడు వాంతి వస్తుంది. మెలకువలో ఉన్నవాడికి గొంతులో ఏదైనా అడ్డుపడితే దగ్గు వస్తుంది. ఎక్కువ తాగినవాడికి ఆ దగ్గు కూడా మొద్దుబారిపోతుంది. వెల్లకిలా ఉన్న మనిషి వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. బయట గదిలో స్నేహితులు గురక విని హాయిగా నిద్రపోతున్నాడనుకుంటారు.

అంచేత తాగి పడిపోయినవాణ్ణి ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పైకాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెట్టాలి, బోర్లా దొర్లిపోకుండా. తల కొంచెం వెనక్కి, నోరు కిందికి ఉండాలి. దుప్పటి కప్పాలి, ఎందుకంటే మద్యం ఒళ్ళు వెచ్చబరచినట్లు అనిపించినా లోపలి వేడిని బయటికి పోగొడుతుంది. తాగనివాడొకడు పక్కనే మేలుకుని కూర్చోవాలి. గట్టిగా పిలిచినా, గిచ్చినా లేవకపోతే, నిమిషానికి ఎనిమిదిసార్లు కూడా ఊపిరి తీయకపోతే, ఊపిరికీ ఊపిరికీ మధ్య పదిసెకన్లు దాటితే, పెదవులు నీలంగా మారితే, ఒళ్ళు చల్లబడితే, ఫిట్సు వస్తే, ఇక ఆలోచన వద్దు. 108కి ఫోను చేయండి. ఇంగ్లండులో అయితే 999, అమెరికాలో 911. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, నోట్లో వేలు పెట్టడం, కాఫీ పోయడం, బాత్‌రూములో నీళ్ళు కుమ్మరించడం, ఇవేవీ చేయవద్దు. పోలీసులు అడుగుతారేమో, ఆఫీసులో తెలుస్తుందేమో అని జంకేవాళ్ళు, ఆ మనిషి తల్లికి పొద్దున ఏమని ఫోను చేస్తారో ఒక్కసారి ఊహించుకుంటే జంకు పోతుంది.

మందులు వాడేవాళ్ళు వేరే జాగ్రత్త పడాలి. ఇన్సులిను గానీ, చక్కెర తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకు మద్యం తాగిన రాత్రి రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, మగత, ఇవన్నీ తాగినవాడి లక్షణాల్లాగే ఉంటాయి గనుక ఎవరూ గుర్తుపట్టరు. తిండి మానేసి తాగడం వీళ్ళకు ప్రాణాంతకం. జిగట విరేచనాలకు మెట్రొనిడజోల్ వాడుతున్నవాళ్ళు ఆ రోజుల్లోనూ, మందు ఆపిన తర్వాత మూడు రోజులూ మద్యం ముట్టరాదని హెచ్చరిక ఉంటుంది. నిద్రమాత్రలు, ఫిట్సు మాత్రలు, దురదకూ జలుబుకూ వాడే మగత మాత్రలు మద్యంతో కలిస్తే మత్తు పెరుగుతుంది.

మరి అసలు వెళ్ళనే వద్దంటారా అని ఆ కుర్రవాడు అడిగాడు. డాక్టరుగా నా జవాబు ఒకటే. ఇంతవరకు తాగితే ఏ హానీ లేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో మద్యపానం 1988 నుంచీ ఉంది. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడడానికి ఈ శాస్త్రమేదీ అవసరం కాలేదు. అయినా వెళ్ళేవాళ్ళు వెళతారు. వెళ్ళాలనే అనుకుంటే కడుపునిండా పెరుగన్నమో పులిహోరో తిని వెళ్ళు అన్నాను. ఉచితపు గ్లాసు పుచ్చుకోకు. గ్లాసు తర్వాత గ్లాసు మంచినీళ్ళు తాగు. గైడు లేవమన్నప్పుడు సగం గ్లాసు బల్లమీద వదిలేసి లే. నీ గ్లాసు నీ కళ్ళముందు ఉండనీ, పక్కకు వెళ్ళి వస్తే దాన్ని మళ్ళీ ముట్టకు. మీలో ఒకడు ఆ రాత్రి తాగనని ముందే ఒప్పుకోవాలి. రెండో పబ్బు దగ్గరే "నేను వెళుతున్నా" అని ఆటో పిలిచినవాణ్ణి వెక్కిరించేవాళ్ళు నీ స్నేహితులైతే, వాళ్ళ సంగతి నేను చెప్పనక్కరలేదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదని కూడా నీ తమ్ముడితో చెప్పు.

బండి విషయం కుర్రవాళ్ళు సరిగా లెక్కవేయరు. రాత్రి ఆటోలో వస్తారు, మంచిదే. ఉదయం ఆరింటికి లేచి పబ్బు దగ్గర వదిలేసిన మోటారుసైకిలు తెచ్చుకోవడానికి పోతారు. రాత్రి పదకొండున్నరకు 150 ఉన్న రక్తంలో గంటకు 15 చొప్పున తగ్గితే 30కి దిగడానికి ఎనిమిది గంటలు పడుతుంది. అంటే ఏడున్నర దాకా చట్టం దృష్టిలోనూ, నా దృష్టిలోనూ అతను తాగినవాడే. మొదటిసారి పట్టుబడితే 2019 సవరణ ప్రకారం 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2016 జూలైలో హైదరాబాదు పంజాగుట్ట దగ్గర తాగిన విద్యార్థుల కారు అదుపు తప్పి ఎదురు కారుమీద పడి, స్కూలునుంచి ఇంటికి వెళుతున్న తొమ్మిదేళ్ళ పాపను బలిగొంది. అది రాత్రి కాదు, పట్టపగలు.

మర్నాడు తలనొప్పి, దాహం, వికారం సహజం. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, మజ్జిగ, ఇడ్లీ, విశ్రాంతి చాలు. తలనొప్పికని ఖాళీకడుపున ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి మింగితే అప్పటికే ఒరిసిపోయిన కడుపు లోపలిపొర నుంచి రక్తం రావచ్చు. రోజూ తాగేవాళ్ళకు పారాసిటమాల్ ఎక్కువైనా కాలేయానికి ముప్పే. గుండె లయతప్పి దడదడ కొట్టుకుంటుంటే ఇ.సి.జి. తీయించాలి, సెలవు రోజుల్లో విపరీతంగా తాగి వచ్చిన రోగుల్లో ఇది చూసి 1978లోనే వైద్యులు దీనికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు.

తాగిన పన్నెండు గంటలకో, మర్నాటికో చూపు మసకబారినా, కళ్ళముందు మంచు కురిసినట్లున్నా, ఆయాసంగా ఊపిరి తీస్తున్నా అది మామూలు తలతిరుగుడు కాదు, మిథనాలు విషం కావచ్చు. 2024 నవంబరులో లావోస్ దేశంలోని వాంగ్ వియెంగ్‌లో ఆరుగురు విదేశీ యాత్రికులు చనిపోయింది మిథనాలు కలిసిన మద్యంతోనేనని అనుమానం. దీనికి విరుగుడు మందులూ డయాలసిస్సూ ఉన్నాయి గానీ గంటలు గడిచినకొద్దీ కళ్ళు దక్కవు. అప్పుడు పెద్ద ఆస్పత్రికే వెళ్ళాలి. ఏం తాగారో, ఎన్నింటికి తాగారో, ఏ మాత్రలు వేసుకున్నారో డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పాలి. అమ్మానాన్నలు పక్కనుండగా చెప్పలేకపోతే, వాళ్ళను కాసేపు బయట కూర్చోబెట్టమని అడగండి, మేము కూర్చోబెడతాం.