సాలెపురుగు మనకు శత్రువా?

శ్రీకాళహస్తి యను పేరులో ‘శ్రీ’ యనగా సాలెపురుగు, ‘కాళము’ అనగా పాము, ‘హస్తి’ యనగా ఏనుగు అని స్థలపురాణము చెప్పుచున్నది. శివుని సేవించి ఏనుగుతో సమానముగ కీర్తి పొందిన యీ చిన్న జీవిని మనము కనబడగానే చీపురుతో కొట్టి చంపుచున్నాము. ఇది తగునా యని యొకమారు విచారింతము.

‘సాలె’ యనగా నేతగాడు. కన్నడమున దీనిని ‘జేడ’ యందురు; ఆ మాటకును నేతగాడనియే యర్థము కలదు. ఇరుభాషలవారును దీని పనిని జూచియే పేరు పెట్టిరి. దీనికి ఎనిమిది కాళ్లు. కావున ఆరు కాళ్లుగల కీటకములలో ఇది చేరదు. పొట్టలోని గ్రంథులలో పుట్టిన ద్రవము వెలికి వచ్చునపుడు గట్టిపడి దారమగును. ఈగలు, దోమలు, పైరును తినెడి పురుగులు దీనికి ఆహారము. కనుక ఇది రైతునకు కూలి యడుగని కావలివాడు.

సాలెపురుగులు సాధారణముగ ఒంటరిగ జీవించును. కాని కోలారు జిల్లా సరిహద్దున నున్న కుప్పము ప్రాంతమున ముండ్లపొదలపై వందలకొలది ఒకే గూటిలో కలిసియుండు జాతి కలదు. అవి కలిసి వేటాడి, కలిసి భుజించును. తుదకు తల్లి తన శరీరమునే పిల్లలకు ఆహారముగ నిచ్చును.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి మీదుగ ఉత్తరమునకు పోవు రాజమార్గము అనంతపురము దాటి గుత్తిని చేరును. అచ్చటి రైల్వే కలపదొడ్డిలో దొరికిన నీలివర్ణపు పెద్ద సాలెపురుగును 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. గుత్తి పేరు దానికి నిలిచినది. కాని అది రైలులో వచ్చిన దుంగలతోపాటు వచ్చియుండునని పెద్దల యూహ. తరువాత నూరేండ్లకు పైగా అది శాస్త్రజ్ఞుల కంట బడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మరల కనబడెను. అది ముదురు చెట్ల తొఱ్ఱలలో కాపురముండును. వంటచెరకునకై ఆ చెట్లను నరికినచో దానికి నిలువ నీడ యుండదు. అందముకొరకు పెంచుకొనువారికి అమ్మజూచువారి వలనను దానికి ముప్పు కలదు. కావుననే 2008లో దానిని మిక్కిలి అపాయస్థితిలో నున్న జీవులలో చేర్చిరి. 2019లో ఆ తెగ జీవుల విదేశవ్యాపారమునకు అంతర్జాతీయ నిబంధనలు విధించిరి.

సాలెపురుగులలో చాలవాటికి విషము కలదు. కాని మనుష్యునకు కీడు చేయగలవి మిక్కిలి తక్కువ. అయినను చెట్టు తొఱ్ఱలలో, రాళ్ల సందులలో చేయి పెట్టరాదు. ఇంటిలో బూజు దులుపుట శుభ్రతకు అవసరమే. ఆ పురుగును మాత్రము ఒక కాగితముపై నెక్కించి పెరటిలో విడిచిన చాలును. తల్లిదండ్రులును ఈ పద్ధతిని పిల్లలకు నేర్పవలెనని మనవి. నూరేండ్లకు తిరిగి కనబడిన యా నీలి జీవి మరల కానరాకుండ పోయినచో, దానిని వెదకుటకు వేరొక అడవి మనకు దొరకకపోవచ్చును.