మత్తు వ్యసనం: కేసు భయంతో దాచవద్దు

విశాఖ మన్యం నుండి చెన్నైకి అక్రమంగా తరలించే గంజాయి మన తిరువళ్లూరు జిల్లా మీదుగానే వస్తుంది. గుమ్మిడిపూండి సమీపాన ఎలావూరు తనిఖీ కేంద్రంలో అది పలుమార్లు పట్టుబడింది. కాట్టుపల్లి ఓడరేవు పనులకు వచ్చి, కుటుంబానికి దూరంగా ఇరుకు గదుల్లో నివసించే యువకులకు అది అలసట తీర్చేదిగా పరిచయమవుతుంది. ఎత్తున, క్రేన్ల కింద పనిచేసేవారికి ఏకాగ్రత తప్పడమంటే ప్రాణాపాయమే.

అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానితే నిద్ర పట్టదు, ఆకలి మందగిస్తుంది, అకారణంగా కోపం వస్తుంది. రెండు వారాల వరకు ఈ బాధ ఉండవచ్చు. ఇంటివారు దీనిని పొగరుగా భావిస్తారు. తెలిసినవారు సైతం పోలీసు కేసుకు జడిసి దాచిపెడతారు.

ఆ జంకు చాలావరకు అనవసరం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, స్వల్ప పరిమాణంతో, అనగా గంజాయి విషయంలో కిలో వరకు, పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు గల కేంద్రంలో గాని చికిత్స పొందితే ఆ నేరానికి విచారణ ఉండదు. నడుమ విడిచిపెడితే ఆ రక్షణ పోవచ్చు. ఊరినుండి వస్తూ పరిచయస్తుల పెద్ద మూట మోసినవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. గంజాయి 20 కిలోలు మించితే కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం.

చికిత్సకు కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థను సంప్రదించవచ్చు. సలహాకు 14446 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది ఉచితం.