గట్టిపడిన బ్రేకు: పికప్ వాహనంలో లోపం ఎక్కడ?

పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, సిమెంటు బస్తాలు మోసే పికప్ వాహనాల్లో బ్రేకు పెడల్ ఒక్కోసారి బిగుసుకుపోయి, ఎంత బలంగా తొక్కినా కొద్దిగా మాత్రమే దిగుతుంది; బండి ఆగడానికి పట్టే దూరం కూడా పెరుగుతుంది. ఇటువంటి బండి షెడ్డుకు రాగానే బ్రేకు ఆయిల్ మార్చడం, పైపుల్లోని గాలి తీయడం అలవాటుగా జరిగిపోయే పనులే కాని, ఈ లోపానికి అవి మందు కావు. పైపుల్లో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు అరిగితే తొక్కిపట్టిన పెడల్ మెల్లగా కిందికి జారుతుంది. పెడల్ గట్టిపడిందంటే, డ్రైవరు కాలికి తోడుపడవలసిన బూస్టర్ ఆ పని మానేసిందని ముందుగా అనుమానించాలి.

పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ నడుమ బిగించిన గుండ్రని రేకు డబ్బాయే బూస్టర్. బెల్జియం దేశస్థుడైన ఆల్బర్ట్ దెవాండ్ర్ 1927లో రూపొందించిన ఈ సాధనంలో రబ్బరు పొర ఒకటి డబ్బాను రెండు గదులుగా విడదీస్తుంది. మామూలుగా రెండు గదుల్లోనూ గాలి పలచబడి ఉంటుంది. పెడల్ తొక్కగానే వెనుక గదిలోకి బయటి గాలి ప్రవేశించి, పొరను ముందుకు నెడుతుంది. పొర వ్యాసం 23 సెంటీమీటర్లు, రెండు వైపుల ఒత్తిడి తేడా చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోలు అనుకుంటే, ఆ నెట్టుడు దాదాపు 290 కిలోల బరువుకు సమానమవుతుంది. ఇంత సాయం ఒక్కసారిగా ఆగిపోతే కాలికి పెడల్ గట్టిగా తగలడంలో ఆశ్చర్యమేమీ లేదు.

బూస్టర్ నుంచి గాలిని లాగే పని పెట్రోలు బండ్లలో ఇంజన్ గాలి పీల్చే మార్గమే చేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ మార్గంలో తగినంత శూన్యం ఏర్పడదు కనుక ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు అవసరమవుతుంది. చాలా పికప్‌లలో అది ఆల్టర్నేటర్ వెనుక భాగానికే అమరి ఉంటుంది.

లోపాన్ని పసిగట్టడానికి తొలి పరీక్షకు పనిముట్లేవీ అక్కర్లేదు. ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి నిల్వ ఉన్న శూన్యాన్ని ఖర్చుచేసి, ఆపై దాన్ని తేలికగా నొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే, ఆరోగ్యంగా ఉన్న బూస్టర్ పెడల్‌ను కొద్దిగా కిందికి లాగుతుంది. అలా దిగకపోతే పంపు, హోస్ పైపు, బూస్టర్‌లలో ఒకటి చెడినట్లే. తర్వాత ఇంజన్‌ను కాసేపు నడిపి, ఆపి, ఐదు నిమిషాల అనంతరం తొక్కి చూడాలి. తొలి ఒకటి రెండు తొక్కుళ్లు కూడా గట్టిగానే ఉంటే, గాలిని ఒకే దిశలో పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు కారుతున్నదనో, రబ్బరు పొర చిరిగిందనో భావించవచ్చు. తొక్కినంతసేపూ క్యాబిన్‌లో బుసబుసమనే శబ్దం ఆగకుండా వినిపిస్తే అనుమానం బూస్టర్ వైపే మొగ్గుతుంది.

అయినా బూస్టర్ కొనడానికి తొందరపడటం తగదు. హోస్ పైపు పగిలిందా, లోపలికి నొక్కుకుపోయిందా, ఆల్టర్నేటర్ బెల్టు జారుతోందా అన్నవి కంటితోనే చూడవచ్చు. పంపు శక్తిని గేజి తేలుస్తుంది. హోస్ విప్పినప్పుడు లోపల ఇంజన్ ఆయిల్ కనిపిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది: పంపును తడిపే ఆయిల్ బూస్టర్‌లోకి చేరితే రబ్బరు పొర పాడవుతుంది. పంపును బాగుచేయకుండా బూస్టర్ మార్చిన చోట కొత్తదీ కొన్నాళ్లకే చెడిపోవచ్చు. ఇటువంటి సందర్భాల్లో తప్పు విడిభాగం కొన్నచోట కాదు, పరీక్ష ఆగిన చోట ఉంది.

శూన్యం సరిగానే ఉన్నదని తేలితే చక్రాల వైపు వెళ్లాలి. కాలిపర్ పిస్టన్ తుప్పుతో పట్టేయడం, రబ్బరు బ్రేకు పైపు లోలోపల ఉబ్బి మూసుకుపోవడం, ప్యాడ్లు వేడికి గాజులా నునుపెక్కడం వంటివి కూడా ఇదే లక్షణాన్ని చూపుతాయి. బ్రేకు ఆయిల్‌లో పొరపాటున ఇంజన్ ఆయిల్ కలిస్తే, రబ్బరు వాషర్లన్నీ ఉబ్బి సిలిండర్లు బిగుసుకుంటాయి.

డీజిల్ ఆదా కోసం ఘాట్ దిగుడులో ఇంజన్ ఆపేసే అలవాటు కూడా ఈ లోపాన్ని చేతులారా తెచ్చిపెట్టుకోవడమే, ఎందుకంటే బూస్టర్‌లో మిగిలిన శూన్యం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. నడుస్తున్న బండిలో పెడల్ హఠాత్తుగా గట్టిపడినప్పుడు పదేపదే తొక్కితే ఆ కాస్త సాయం కూడా ఖర్చవుతుంది. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల వరకు ఉన్న ఆయిల్ మార్గం చెక్కుచెదరకపోతే బ్రేకు అప్పటికీ పడుతుంది కనుక, పెడల్‌ను వదలకుండా పూర్తి బలంతో తొక్కిపట్టి, తక్కువ గేరులోకి దిగుతూ బండిని రోడ్డు పక్కకు తీయాలి.